మేము వేసిన రోడ్డుకు గండి

దగ్గరికి జరిగి కూర్చోండి. మనుషుల మధ్య సున్నంతో గుండ్రాలు గీసి, ఒక్కొక్కరిని ఒక్కో గుండ్రంలో నిలబెట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. చాప మీద చోటుంది, చాయ్ పొయ్యి మీద ఉంది. అంత దూరాన కూర్చుంటే ఈ సంగతి నాకు చెప్పబుద్ధి కాదు.

నేను చెప్పేది ఒక రోడ్డు గురించి. సూరత్ లోపలి రోడ్డు కాదు. కామ్‌రేజ్ దాటాక పెద్ద హైవే నుంచి తూర్పుకు ఒక పాయ చీలుతుంది, అది. రెండు వైపులా చెరకు తోటలు. దారిలో నాలుగైదు ఊళ్ళు తగులుతాయి, ఒక వాగు మీద చిన్న కల్వర్టు వస్తుంది, ఆ తర్వాత చక్కెర ఫ్యాక్టరీ ఊరు. అక్కడితో రోడ్డు అయిపోతుంది. బస్సెక్కి ఒక కునుకు తీసి లేస్తే చాలు. దానికేదో నంబరుందట. నాకు గుజరాతీ అక్షరాలు రావు, తెలుగువే కూడబలుక్కుని చదువుతాను, కాబట్టి ఆ నంబరు నాకు తెలియదు. కిలోమీటరు రాళ్ళ తలకు ఆకుపచ్చ రంగుంటుంది, రాష్ట్రం రోడ్డుకు అది గుర్తు. ఆ రంగు పడకముందు నుంచి ఆ రోడ్డు నాకు తెలుసు. అది రోడ్డు కాకముందు నుంచే తెలుసు.

మేము సాలెవాళ్ళం. మా ఆయన ఊళ్ళో చేతిమగ్గం పక్కన పుట్టి పెరిగి, సూరత్ వచ్చి పవర్‌లూమ్ మీద నిలబడ్డాడు. పెళ్ళయ్యాక నన్నూ తీసుకొచ్చాడు. నా మొదటి కాన్పు మా అమ్మ దగ్గర జరిగింది. మాలో తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి. పుట్టిన బిడ్డ ఒంటికి మొదట తగిలే గుడ్డ అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరే కావాలి. కొత్త గుడ్డ ముట్టించరు. మా అమ్మ, తన మగ్గం మీద తనే నేసుకుని ఏళ్ళ తరబడి కట్టిన ఎర్రంచు చీరలో నా బిడ్డను పొదివి, వచ్చేటప్పుడు ఆ చీరను నా మూటలోనే పెట్టి పంపింది. "దీన్ని పారెయ్యకు, రేపు నువ్వు అమ్మమ్మవైతవు గదా" అంది. సూరత్‌లో మా చుట్టూ రోజూ వేల గజాల బట్ట దిగేది, అంతా జారిపోయే సిల్కు బట్ట. నూలు పోగు మా ఇంట్లో అదొక్కటే.

బిడ్డ ఇంకా పాకుతుండగా మందీ వచ్చింది, బట్టకు గిరాకీ పడిపోయింది. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఖాతాలన్నీ తాళాలు వేసుకున్నాయి. అప్పుడు పాలమూరు నుంచి వచ్చిన రోడ్డు కూలీల మేస్త్రీ ఒకడు నవాగామ్‌లో మా గల్లీకి వచ్చి, మనుషులు తక్కువపడుతున్నారు, వస్తారా అన్నాడు. పోయాం. తిండి కావాలి గదా.

అప్పుడక్కడ ఉన్నది ఎద్దుబండ్ల బాట. నల్లరేగడి నేల. వాన పడితే చెరకు బండి ఇరుసు దాకా దిగబడేది, ఎద్దులను విప్పుకుని బండిని అక్కడే వదిలేసి పోయేవాళ్ళు. ఆ నేలను తవ్వాం. అడుగున పెద్ద పెద్ద రాళ్ళు పేర్చాం, సందుల్లో చిన్న రాళ్ళు దిగ్గొట్టాం. ఆ పైన కంకర, ఆ పైన మొరం, నీళ్ళు చల్లితే రోలరు తిరిగేది. ఆఖరుకు డ్రమ్ముల్లో తారు మరిగించి పోశాం. కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకున్నా వేడి లోపలికి దిగేది. ఇంటికొచ్చి అన్నం కలిపితే అన్నం కూడా తారు వాసనే వేసేది.

పాలమూరు ఆడవాళ్ళు నన్ను ఆటపట్టించేవాళ్ళు.

"ఓ సాలె పిల్లా, గంప గట్ల వట్టుకుంటే రాళ్ళు వోయి నీ మొగని నెత్తిమీద వడ్తయ్."

"వడనియ్ అక్కా. పిలిస్తె ఎట్లాగు ఇనవడదు. రాయి వడితెనన్న ఇటు జూస్తడు."

నిజంగానే ఆయనకు వినబడదు. మగ్గాల మోతలో ఏళ్ళ తరబడి నిలబడితే చెవులు మొద్దుబారిపోతాయి. మా గల్లీ మగవాళ్ళందరూ అంతే. పెదాలు చూసి మాట పట్టుకుంటారు, అందకపోతే ఎదుటివాళ్ళ ముఖంలోకి వంగుతారు. అది మాకు తప్పుగా అనిపించదు.

కల్వర్టు పక్కన ఒక వేపచెట్టు ఉండేది. దాని కొమ్మకు మా అమ్మ చీర ఉయ్యాలగా కట్టి బిడ్డను పండుకోబెట్టేదాన్ని. ఆ ఊరి కూలి మనిషి ఒకామె మాతో పని చేసేది. చెరకు నరికే ఇంటి ఆమె, నా ఈడుదే. ఆమెకూ చంటిపిల్లవాడు. ఒక చీరలోనే ఇద్దరినీ వేసేవాళ్ళం, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు. నేను గంప ఎత్తుకుంటే ఆమె ఊపేది, ఆమె ఎత్తుకుంటే నేను ఊపేదాన్ని. ఆమె భాష నాకు సగమే వచ్చేది, నా భాష ఆమెకు అసలు రాదు. అయినా మధ్యాహ్నం ఛాస్, అదే మజ్జిగ, తెచ్చి ముందు నాకే పోసేది. నన్ను "బెన్" అనేది. అంటే అక్కాచెల్లెళ్ళను పిలిచే పిలుపు.

మళ్ళీ ఖాతాలు తెరిచారు. మేము మగ్గాల దగ్గరికి తిరిగొచ్చాం. రోడ్డు మాత్రం మా ఇంట్లో మాటల్లో ఉండిపోయింది. కొన్నేళ్ళకు దాన్ని వెడల్పు చేశారు, వేపచెట్టు కొట్టేశారు, రాళ్ళ తలలకు ఆకుపచ్చ రంగు వేశారు. తర్వాత హైవే మీద టోలు పెడితే, ఆ పైసలు తప్పించుకునే లారీలు ఇటు మళ్ళి రోడ్డును గుంతలు గుంతలు చేశాయి. ఒక తారు మీద ఇంకో తారు పోస్తూ పోయారు. అడుగున ఉన్నది మాత్రం మేము పేర్చిన రాయే.

బిడ్డకు సంబంధం వచ్చింది ఆ రోడ్డు చివరి ఊరి నుంచే. అల్లుడు మనవాడే. చిన్నప్పుడే తల్లి పోయింది, అక్కచెల్లెళ్ళు లేరు. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఇడ్లీ బండి పెట్టుకున్నాడు. మా ఆయన అందుకే ఒప్పుకున్నాడేమో. పెళ్ళి రోజు వచ్చినవాళ్ళందరికీ గట్టిగా అరిచి చెప్పాడు. "నా బిడ్డ నేనేసిన రోడ్డు మీదికెల్లే పోతది, నేనేసిన రోడ్డు మీదికెల్లే వస్తది. ఎవ్వని తొవ్వ గాదు అది."

బిడ్డ కడుపుతో ఉంది, ఏడో నెలలో తెచ్చుకుందామనుకున్నాం. ఉగాది పోనిచ్చి వెళ్దామనుకున్నాం. అంతలో దేశమంతా తాళం పడింది.

ఆ రోజులు మీకు నేను చెప్పనక్కరలేదు. పాండేసరలో మా ఆయన పని చేసే మిల్లు మూసేశారు. ఒక్క గదిలో ఇద్దరం. మగ్గాల మోత లేక ఆయనకు నిద్ర పట్టేది కాదు. కూరగాయలకు బయటికి పోతే లాఠీలు. అయితే ఒకనాడు పోలీసు ఒకడు ఆయన మెడలో మిల్లు కార్డు చూసి, "కామ్ వాలా ఆద్మీ హై, జానే దో" అని వదిలేశాడు. అప్పటి నుంచి ఆయనకు ఆ కార్డు మీద గురి కుదిరింది. స్నానానికి పోయినా మెడలోంచి తీయడు. సూరత్‌లో మాలాంటివాళ్ళకు ఆ కార్డే ఊరూ పేరూ. దొంగ కాదు, ఒక మిల్లులో పని చేసుకునే మనిషి అని దాన్ని చూసే నమ్ముతారు. గది అద్దెకివ్వాలన్నా అది చూపమంటారు.

తొమ్మిదో నెల వచ్చింది. బిడ్డ రోజూ ఫోను చేసేది.

"అమ్మా, ఈడ దవాఖాన కరోనోళ్ళకే ఇచ్చిన్రట. కాన్పు జేసే దాయి వస్తనంటుంది గని భరోసా లేదు. నువ్వు జర రాయే. నాకు భయమైతుంది."

"వస్తున్న బిడ్డా. నడిచన్న వస్త."

పాల టెంపో ఒకటి ఖాళీ క్యాన్లతో కామ్‌రేజ్ వైపు పోతుంటే, కాళ్ళావేళ్ళా పడి ఎక్కాం. మలుపు దగ్గర దిగి నడక. ఎండాకాలం, తలమీద మండుతోంది. నా చంకలో మూట, మూటలో మా అమ్మ చీర. ఆకుపచ్చ తల రాళ్ళు ఒకటొకటే దాటుతుంటే మా ఆయన అరికాళ్ళు బొబ్బలెక్కి కుంటుతున్నా హుషారుగా ఉన్నాడు. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. "సూడు, ఇయ్యాల మనకోసమే ఏసినట్టున్నది" అన్నాడు.

కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు లేదు.

ఊరివాళ్ళు జేసీబీ పెట్టి అడ్డంగా గండి కొట్టారు. ఈ అంచు నుంచి ఆ అంచుకు నిలువెత్తు గుంత. అవతల చెరకు ట్రాలీ అడ్డం పెట్టి, తుమ్మ కంప వేసి, కర్రలు పట్టుకుని కుర్రాళ్ళు కూర్చున్నారు. కల్వర్టు గోడ మీద, ముఖానికి కొంగు చుట్టుకుని ఒక ముసలామె. కొంగు చుట్టుకున్నా నాకు తెలిసింది, ఉయ్యాల ఊపిన ఆమే. కూర్చునే తీరే చెప్పింది.

నేను గుంతలోకి చూశాను. కోసిన గోడలో అన్నీ కనబడుతున్నాయి. పైన కొత్త తారు, కింద పాత తారు, దాని కింద ఇంకా పాతది, మొరం, కంకర. అన్నిటికన్నా కింద నల్లరేగడిలో దిగిన పెద్ద రాళ్ళు. కొన్ని ఊడి గుంతలో పడి ఉన్నాయి. వాటిలో నా నెత్తి మీద నుంచి దిగినవి ఎన్నో నాకు తెలియదు.

"కాకా, అక్కడే ఆగు," అన్నాడు ఒకడు గుజరాతీలో. మాస్కు వెనక నుంచి అన్నాడు.

మా ఆయనకు పెదాలు కనబడలేదు, మాట అందలేదు. అందనప్పుడు చేసేదే చేశాడు. తన మాస్కు కిందికి లాగి, గుంత అంచుకు పోయి ముందుకు వంగాడు. "క్యా బోలా భాయ్?"

వాళ్ళంతా ఒక్కసారి వెనక్కి గెంతారు. కర్రలు లేచాయి.

"మాస్కు పెట్టు. ఎవరు మీరు? ఎక్కడి నుంచి?"

నాకు వచ్చిన సగం భాషలో చెప్పబోయాను. ఇటువాళ్ళమే నాయనా, ఈ రోడ్డు వేసినవాళ్ళం, ఇదిగో ఇక్కడే వేపచెట్టు కింద ఉన్నాం అని. ముసలామె గోడ మీద నుంచి లేచింది. నా వైపే చూస్తోంది. నోటి మీది కొంగు కిందికి దింపింది. ఆమె ఒక్క మాట అంటే అయిపోయేది. వీళ్ళు మనవాళ్ళే అంటే చాలు.

అంతలో మా ఆయన మెడలోంచి కార్డు తీసి, చేయి బార్లా చాపి చూపించాడు.

కుర్రాడు గుంతలోకి దిగి ఇవతలికి ఎక్కొచ్చి, కార్డును కర్ర కొసతో తిప్పి చదివాడు. "సూరత్. పాండేసర." వెనక్కి తిరిగి గట్టిగా చెప్పాడు. "మిల్లువాళ్ళు. పాండేసర నుంచి వస్తున్నారు."

"అసలు కార్డే భాయ్. ఫోటో సూడు, నాదే," అంటున్నాడు మా ఆయన. దొంగ కార్డనుకుంటున్నారని ఆయన బాధ.

"అక్కడి నుంచే కదా రోగమంతా వస్తున్నది. వెనక్కి పొండి."

ముసలామె కొంగు మళ్ళీ మీదికి లాక్కుంది. లేచిన మనిషి కూర్చోలేదు. అటు తిరిగి ఊళ్ళోకి నడిచింది.

నేను బతిమాలాను. "నా బిడ్డ కాన్పు దగ్గరపడింది. ఆమెకు అత్త లేదు, ఎవరూ లేరు. ఈయన్ని ఇక్కడే ఉంచుకోండి. నన్నొక్కదాన్నే పోనియ్యండి. మీ ఊళ్ళో నీళ్ళు కూడా తాగను."

"కుదరదు మాసీ."

"అయితే ఈ మూటన్నా పంపండి. ఇందులో చీర ఉంది. పిల్ల పుడితే చుట్టాలి."

"గుడ్డకు కూడా అంటుకునే వస్తుంది మాసీ. టీవీలో చెప్తున్నారు."

అప్పటికే కింద పెట్టేశాను మూట. వాడు దాన్ని చేత్తో ముట్టలేదు. కర్రతో పొడిచి లేపాడు, ముడి ఊడింది, ఎర్రంచు బయటికొచ్చింది. అట్లాగే గుంతలోకి తోసేశాడు. తీసుకుంటానని నేను వంగితే, ముందుకు రావద్దని కర్ర అడ్డం పెట్టాడు. పుట్టినప్పటి నుంచీ గుడ్డ నేసిన ఇళ్ళల్లో బతికినదాన్ని నేను. గుడ్డను చూసి మనుషులు భయపడటం ఆ రోజే చూశాను.

తోట గట్టు మీదుగా మోటారు సైకిళ్ళ మీద వచ్చి ఇద్దరు మమ్మల్ని మలుపు దాకా తరుముకొచ్చారు. పక్కకు చెరకు తోటలోకి దిగకుండా, పశువులను తోలినట్టు. వాళ్ళు వెనక్కి తిరిగాక అడిగాను.

"కార్డెందుకు జూపెట్టినవయ్యా?"

"దొంగలనుకుంటరేమోనని."

"దొంగలనుకున్నా పోనిచ్చేటోళ్ళు."

ఆ మాట ఆయనకు వినబడిందో లేదో. నా ముఖానికి మాస్కు ఉంది, నేనేమన్నానో పెదాలు చూసి పట్టుకునే దారి కూడా లేదు.

వారం తిరగకముందే అల్లుడు ఫోను చేశాడు.

"అత్తా, ఆడివిల్ల."

"నా బిడ్డెట్లున్నది?"

"ఉన్నది. దాయి లేటొచ్చింది. నేనే... ఇడ్లీ గిన్నెల నీళ్ళు కాగబెట్టిన."

"పిల్లను దేంట్ల సుట్టినవ్ అల్లుడా?"

"ఇడ్లీ గుడ్డల అత్తా. పళ్ళెంల ఏసే గుడ్డ. ఉడకవెట్టినదే, సాఫ్‌గున్నది."

మా ఆయన నా భుజం పట్టుకుని ఊపుతున్నాడు. "ఏమంటుండు? ఏమంటుండు?" చెప్పాను. గుడ్డ సంగతి చెప్పలేదు.

బిడ్డకు కాన్పులో చిరిగిందట, జ్వరమొచ్చిందట, చాలా రోజులు మంచం దిగలేదట. అన్నీ 'అట' మాటలే నాకు. నా చేత్తో పథ్యం పెట్టలేదు, నడుము కట్టలేదు, ఒంటికి నూనె రాయలేదు. దారులు తెరిచాక నేను పోయేసరికి మనవరాలు మనుషులను గుర్తుపడుతోంది. నన్ను చూసి ఏడ్చి, పక్కింటి గుజరాతీ ఆమె చంకకెక్కింది. నా బిడ్డ బాగానే మాట్లాడింది. చాయ్ ఇచ్చింది. చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం అడిగింది.

"చెరుకు తోటలకెల్లి రావద్దా అమ్మా?"

మోటారు సైకిళ్ళ సంగతి చెప్పాను. తలూపింది. నమ్మినట్టు మాత్రం కనబడలేదు.

తర్వాతి ఏడు ఆమెకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఏడో నెల పడగానే బస్సెక్కాను. మాస్కులు అందరి గడ్డాల కిందికి దిగిన రోజులు. గండి పూడ్చారు గానీ, వదులు మట్టి పోసి పైన నాలుగు బొచ్చెల తారు చల్లారు. వాన పడ్డప్పుడల్లా అది కుంగుతోంది. బస్సు అక్కడికి రాగానే అందరూ సీట్లలోంచి ఎగిరిపడ్డారు. రోడ్డు వేసినవాణ్ణి ఎవడో తిట్టాడు. మా ఆయన రాలేదు. కార్డు ఇప్పుడు జేబులో పెట్టుకుంటాడు, మెడలో వేసుకోడు, ఆ రోడ్డు మాట కూడా ఎత్తడు.

కల్వర్టు దగ్గర ఒక ఆడమనిషి ఎక్కి, వేరే సీట్లు ఖాళీగా ఉన్నా వచ్చి నా పక్కన కూర్చుంది. కొంగు తీసింది. ఆమే.

కిటికీలోంచి చూస్తూ అంది. "కార్డు చదివినవాడు నా కొడుకు, బెన్."

"ఏ కొడుకు?"

"ఉయ్యాలలో పండుకున్నవాడే. అప్పటికే ఊళ్ళో ఒకరు పోయారు. అందరికీ భయం. నేను నోరు తెరిస్తే మమ్మల్ని ఊరి బయట పెట్టేవాళ్ళు."

నేను సంచీని ఒళ్ళోకి లాక్కున్నాను.

"గుంత పూడ్చే రోజు చీర తీసుకుందామని పోయాను. వాడు నన్ను దిగనియ్యలేదు. జేసీబీ మట్టి పోసేసింది. అందులోనే ఉంది అది."

"నా బిడ్డను ఊపినదానివి," అన్నాను.

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. తర్వాతి ఊళ్ళో దిగిపోయింది. దిగేటప్పుడు నా చేతి మీద చేయి వేసింది. నేను ఆ చేయిని తోసేయలేదు, పట్టుకోనూ లేదు.

బిడ్డ ఇడ్లీ పిండి రుబ్బుతోంది. మనవరాలు గడపలో ఆడుతోంది. చెప్పాను, పా బిడ్డా, ఈసారి నేను తోలుకపోతా, పానం పదిలంగా చూసుకుంటా, దారి బాగానే ఉంది అని. గ్రైండరు ఆపకుండానే జవాబిచ్చింది.

"మొదటిది నువ్వు లేకుండనే అయ్యింది గదమ్మా. ఇది గూడ అయితది."

"గట్లంటవేందే. అమ్మమ్మ చీర లేకుంటే లేకపాయె, నేను ఇంకోటి తెస్త. నా కట్టిన చీరే..."

"నువ్వు కట్టేది సిల్కే గదా. ఇడ్లీ గుడ్డలు శానా ఉన్నయ్ అమ్మా."

కోపంగా అనలేదు. పిండిలో చేయి పెట్టి చూసి, కాస్త నీళ్ళు పోసి, మళ్ళీ తిప్పింది. నేను ఆ పూట అన్నం తిని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను. పక్క సీట్లో నా బిడ్డ మూట ఉండాల్సిన చోట నా సంచీ పెట్టుకున్నాను. కల్వర్టు దగ్గర బస్సు మళ్ళీ ఎగిరింది. పెద్ద రాళ్ళు ఊడిపోయిన చోట కింద గట్టితనం ఎక్కడిది. ఉన్నది వదులు మట్టి, అందులో మా అమ్మ చీర.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చుని విన్నారు. చాయ్ చల్లారిపోయింది, మళ్ళీ పెడతాను. మీ ఇంటి ఆడపిల్ల భయమేస్తోంది రమ్మని పిలిచిన పూట, మీ గడపకూ ఆమె గడపకూ మధ్య దారి తెగకుండా ఉండాలి. మీ ఇంట పుట్టే ప్రతి పసికందుకూ మెత్తటి పాత చీర దొరకాలి. మీ ఇల్లు చల్లగా, మీ తలుపు తెరిచే ఉండాలి.